అండమాన్ జలాల్లో ఎలక్ట్రిక్ టార్పెడో: తేలిన లెక్కలు, తేలని చిక్కులు

జలాంతర్గామికి ప్రధాన ఆయుధం టార్పెడో. దాన్ని బ్యాటరీతో నడపాలా, ఇంధనం మండించి నడపాలా అన్న వాదం రెండో ప్రపంచ యుద్ధం నాటిది. మన దేశంలో ఈ వాదం రెండు చోట్ల కలుస్తుంది. ఒకటి విశాఖపట్నం. 1969 ఆగస్టు 20న అక్కడ మొదలైన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబరేటరీ, అంటే ఎన్‌ఎస్‌టీఎల్, మన టార్పెడోలకు పుట్టిల్లు. ఆ నమూనాలను తయారుచేసి ఇచ్చేది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్‌కు చెందిన విశాఖ కర్మాగారం. రెండోది అండమాన్ నికోబార్ దీవులు. మలక్కా జలసంధి నుంచి హిందూ మహాసముద్రంలోకి వచ్చే ఓడలైనా జలాంతర్గాములైనా ఈ దీవుల దక్షిణపు కొసను రాసుకుంటూ పోవాలి. కాబట్టి విశాఖలో తయారైన ఆయుధానికి నిజమైన పరీక్ష ఎదురైతే అది ఈ నీళ్లలో ఎదురయ్యే అవకాశమే ఎక్కువ.

2024 డిసెంబరు 30న రక్షణ శాఖ ఫ్రాన్స్‌కు చెందిన నేవల్ గ్రూప్‌తో సుమారు 877 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. డీఆర్‌డీఓ రూపొందిస్తున్న ఎలక్ట్రానిక్ హెవీ వెయిట్ టార్పెడోను కల్వరి తరగతి జలాంతర్గాముల్లో అమర్చడం దాని ఉద్దేశం. ఈ నిర్ణయంతో కొనుగోలు చిక్కు కొంత వీడింది. వాదం మాత్రం అలాగే ఉంది. బ్యాటరీ టార్పెడో ఈ కాలపు లక్ష్యాలను అందుకోగలదా? ఇంధన టార్పెడో అవసరం ఎంత? ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం వేరే ఉందా? ఈ వ్యాసం ఆ వాదాలను వరుసలో పెట్టి ఒక నిర్ణయానికి వస్తుంది. అండమాన్ చుట్టూ ఎదురయ్యే లక్ష్యాల్లో చాలావాటికి ఎలక్ట్రిక్ టార్పెడో సరిపోతుంది. కానీ అది పనిచేస్తుందా లేదా అన్నది సముద్రంలోకి దిగకముందే, ఒడ్డున బ్యాటరీని నిలవ ఉంచే తీరులోనూ, నిజమైన పేలుడుతో చేసే పరీక్షల్లోనూ తేలిపోతుంది.

వాదం పుట్టిన తీరు

1866లో ఫ్యూమే రేవులో రాబర్ట్ వైట్‌హెడ్ తయారుచేసిన టార్పెడో సంపీడిత గాలితో నడిచింది. తరువాతి తరం టార్పెడోలు ఆ గాలిలో ఇంధనం మండించి, ఆ వేడితో ఇంజిన్ తిప్పాయి. వేగం బాగా పెరిగింది. వెనక్కి వదిలే వాయువు మాత్రం నీటి మీద తెల్లటి బుడగల చార గీసేది. పగటిపూట ఓడ మీద కాపలా ఉన్నవాడు ఆ చారను చూస్తే ఓడ పక్కకు తిరిగి తప్పించుకునేది. అంతేకాదు, ఆ చార ఎక్కడ మొదలైందో చూసి జలాంతర్గామి ఉన్న చోటును కూడా కనిపెట్టేవారు.

జర్మనీ ఈ చిక్కుకు బ్యాటరీతో విరుగుడు వెతికింది. మొదటి యుద్ధంలో ఓడాక ఆంక్షల కింద ఉన్న ఆ దేశం స్వీడన్‌లో గుట్టుగా ప్రయోగాలు సాగించి జీ7ఈ అనే ఎలక్ట్రిక్ టార్పెడోను సిద్ధం చేసుకుంది. 1939 అక్టోబరు 14న స్కాపా ఫ్లో రేవులో యూ-47 జలాంతర్గామి రాయల్ ఓక్ యుద్ధనౌకను ముంచాక దొరికిన ముక్కలను బట్టి బ్రిటిష్‌వారికి ఈ సంగతి తెలిసింది. జీ7ఈ వేగం 30 నాట్స్, పోగల దూరం 5,000 మీటర్లు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే సుమారు 1.85 కిలోమీటర్లు. అదే జర్మన్ల ఇంధన టార్పెడో జీ7ఏ, 30 నాట్స్ వేగంతో 12,500 మీటర్లు పోయేది. కావాలంటే దూరం తగ్గించుకుని 44 నాట్స్ అందుకునేది. జర్మన్ నావికులు వేగాన్నీ దూరాన్నీ వదులుకుని, చార లేకుండా పోయే సుగుణాన్ని తీసుకున్నారన్నమాట. తయారీ ఖర్చు తక్కువ కావడం అదనపు లాభం.

అమెరికా దారి కూడా అటే మళ్లింది. చేజిక్కిన జీ7ఈ నమూనాను చూసి వెస్టింగ్‌హౌస్ కంపెనీ తయారుచేసిన మార్క్ 18, 1943 నుంచి పసిఫిక్‌లో యుద్ధానికి దిగింది. 29 నాట్స్ మాత్రమే పోయే ఈ టార్పెడోను కెప్టెన్లు మొదట్లో ఈసడించుకున్నారు. యుద్ధం ముగిసేనాటికి అమెరికన్ జలాంతర్గాములు ఎక్కువగా దీన్నే వాడుతున్నాయి. దాని మచ్చలు దానికీ ఉన్నాయి. బ్యాటరీల నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువు పోగుపడితే మంటలు లేచే ప్రమాదం ఉండేది. 1944 అక్టోబరులో తైవాన్ జలసంధిలో టాంగ్ జలాంతర్గామి వదిలిన చివరి మార్క్ 18, చుక్కాని బిగుసుకుపోయి గుండ్రంగా తిరిగి వచ్చి టాంగ్‌నే ముంచింది. 87 మందిలో బతికి బయటపడినవారు 9 మంది.

దీవుల చుట్టూ జరిగినది

1942 మార్చి 23న పోర్ట్ బ్లెయిర్ జపాన్ చేతిలోకి వెళ్లింది. ఆ తరువాత మూడేళ్ల పాటు అండమాన్ సముద్రం జలాంతర్గాముల వేటస్థలం. డచ్ జలాంతర్గామి ఓ-24, 1943 జనవరిలో దక్షిణ అండమాన్ తీరంలో బ్రిటిష్ గూఢచారి బృందాన్ని రహస్యంగా దింపింది. ట్రింకోమలీ నుంచి బయలుదేరిన బ్రిటిష్ జలాంతర్గాములు నికోబార్, సుమత్రా, పెనాంగ్ మధ్య కాపు కాశాయి. వాటిలో స్టోన్‌హెంజ్ 1944 మార్చిలో సుమత్రా ఉత్తర తీరానికీ నికోబార్‌కూ మధ్య గస్తీకి వెళ్లి ఆనవాలు లేకుండా పోయింది.

ఈ సముద్రంలో రెండు రకాల టార్పెడోలూ ఎదురెదురుగా నిలిచాయి. పెనాంగ్‌ను స్థావరం చేసుకున్న జర్మన్ జలాంతర్గాముల మాన్సూన్ బృందం దగ్గర జీ7ఈలున్నాయి. బ్రిటిష్‌వారి దగ్గర ఇంధనంతో 45 నాట్స్ పోయే మార్క్ 8 ఉంది. బ్రిటిష్ జలాంతర్గాముల్లో టారస్ 1943 నవంబరు 13న పెనాంగ్ దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-34ను ముంచింది. టాలీ-హో 1944 జనవరి 11న కుమా క్రూయిజర్‌ను, ఫిబ్రవరిలో జర్మన్ల యూఐటీ-23ను ముంచింది. ట్రెంచెంట్ సెప్టెంబరు 23న యూ-859ను ముంచింది. ఇవన్నీ ఇంధన టార్పెడోల విజయాలే. ఇంధన పక్షంవారు ఈ జాబితాను చూపిస్తే తోసిపుచ్చడానికి లేదు.

అయితే అదే చోటి మరో సంగతి వాదాన్ని ఇంకో దారి పట్టిస్తుంది. జర్మనీ నుంచి పెనాంగ్‌కు టార్పెడోలు తేవడం దుర్లభం. ఉన్న నిలవ కొద్దిపాటిది, అందులోనూ పాతవి ఉష్ణమండలపు వేడిలో ఏళ్ల తరబడి పడి ఉండి పాడయ్యాయి. జీ7ఈని గొట్టంలోంచి కొద్ది రోజులకోసారి బయటికి లాగి, బ్యాటరీ చూసి, ఛార్జి చేయాలి. పూర్తి దూరం పోవాలంటే బ్యాటరీ 30 డిగ్రీల దాకా వెచ్చబడాలి. అట్లాంటిక్ చలిలో అది పెద్ద పని. అండమాన్ సముద్రపు పైనీరు ఏడాది పొడవునా 28 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ బాధ లేదు. కానీ ఏ వెచ్చదనం బ్యాటరీ చేత ఎక్కువ శక్తి ఇప్పిస్తుందో, అదే వెచ్చదనం నిలవలో ఉన్న బ్యాటరీని త్వరగా కరిగిస్తుంది. ఈ దీవులకు సంబంధించి చరిత్ర ఇచ్చిన అసలు పాఠం ఇదే.

1971లో దీవులు మరో పాత్ర పోషించాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విక్రాంత్ కోసమే వస్తున్నదన్న అంచనాతో ఆ విమానవాహక నౌకను విశాఖ నుంచి తప్పించి అండమాన్ జలాల్లో దాచారు. రాజ్‌పుత్ నౌక విక్రాంత్ పేరుతో రేడియో సందేశాలు పంపి శత్రువును మభ్యపెట్టింది. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ రేవు బయట మునిగింది. లోతుబాంబులా, తాను పెట్టిన మందుపాతరా, లోపలి పేలుడా అన్నదానిపై నేటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. ఐదు రోజుల తరువాత, డిసెంబరు 9న దీవ్ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. హంగోర్ మొదట మన మరో నౌక కిర్పాన్ మీదికి వదిలిన టార్పెడో పేలకుండా పోయింది. ఖుక్రీని ముంచింది రెండోది.

మూడు పక్షాలు

వాదంలో మొదటిది బ్యాటరీ పక్షం. వీరి వాదం ఇలా సాగుతుంది: ఎలక్ట్రిక్ మోటారు వాయువు వదలదు, కాబట్టి చార ఉండదు. వాయువును బయటికి నెట్టే ఇంజిన్‌కు లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి ఎదురునిలిచి బలం తగ్గుతుంది. మోటారుకు ఆ బెడద లేదు. ముందు మెల్లగా, శబ్దం లేకుండా దగ్గరికి పోయి, చివర్లో వేగం పుంజుకోవడం దానికి సులువు. ఇంధన టార్పెడోల ప్రమాదాలు కూడా వీరికి ఆధారమే. 1955లో బ్రిటిష్ జలాంతర్గామి సైడన్‌లోనూ, 2000 ఆగస్టు 12న 118 మందిని బలిగొన్న రష్యన్ కూర్స్క్‌లోనూ పేలింది గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నడిచే టార్పెడో. అమెరికన్ మార్క్ 48 వంటివాటిలో వాడే ఒట్టో ఇంధనం అంత పేలుడు స్వభావం కలది కాదు గానీ విషపూరితం.

రెండోది ఇంధన పక్షం. ఒక కిలో ఇంధనంలో ఉన్న శక్తి ఒక కిలో బ్యాటరీలో ఉన్నదానికన్నా చాలా ఎక్కువన్నది వీరి మూలసూత్రం. అణు జలాంతర్గామి 30 నాట్స్ దాటి పరుగెత్తగలదు. దాన్ని తరిమి పట్టాలంటే టార్పెడోకు వేగమూ కావాలి, ఆ వేగాన్ని చాలాసేపు నిలబెట్టే నిలవా కావాలి. అమెరికా, బ్రిటన్ ప్రధాన టార్పెడోలైన మార్క్ 48, స్పియర్‌ఫిష్ రెండూ ఇంధనంతోనే నడుస్తున్నాయని వీరు గుర్తుచేస్తారు. చార గురించి వీరి జవాబు కూడా బలమైనదే. నేడు ఎవరూ కంటితో చూసి టార్పెడోను కనిపెట్టరు, సోనార్‌తో వింటారు. 40 నాట్స్ దాటాక ఇంజిన్ మోతకన్నా పంఖాలూ, ఒంటి మీదుగా కోసుకుపోయే నీరూ చేసే శబ్దమే ముందు వినబడుతుంది. అప్పుడు బ్యాటరీ ఇచ్చే నిశ్శబ్దానికి విలువ తగ్గుతుంది.

మూడోది గురి పక్షం. ఇది ఈ ఇద్దరినీ కాదంటుంది. టార్పెడో విఫలమైన సందర్భాలు తీసి చూస్తే మోటారో ఇంజినో కారణమైనవి అరుదు. 1940 నార్వే పోరులో జర్మన్ టార్పెడోలు లోతు తప్పి పోయాయి, అయస్కాంత పేలుడు మీటలు పని చేయలేదు. అమెరికన్ మార్క్ 14 ఇంధన టార్పెడోకూ సరిగ్గా అవే జబ్బులు. పెట్టిన దానికన్నా లోతుగా పోవడం, పేలుడు మీట మొరాయించడం. అవి నయం కావడానికి 1943 చివరి దాకా పట్టింది. 1982 ఫాక్లాండ్ యుద్ధంలో అర్జెంటీనా జలాంతర్గామి సాన్ లూయిస్ ఎలక్ట్రిక్ టార్పెడోలు వదిలితే ఒక్కటీ లక్ష్యాన్ని ముంచలేదు. గురి లెక్కగట్టే కంప్యూటర్ చెడిపోయింది, నడిపించే తీగలు తెగాయి. అదే యుద్ధంలో మే 2న బ్రిటిష్ జలాంతర్గామి కాంకరర్, టైగర్‌ఫిష్ అనే కొత్త ఎలక్ట్రిక్ టార్పెడో తన దగ్గరే ఉన్నా దాన్ని నమ్మక, రెండో ప్రపంచ యుద్ధం నాటి మార్క్ 8తోనే జనరల్ బెల్‌గ్రానోను ముంచింది. మరోవైపు 2010 మార్చి 26న దక్షిణ కొరియా నౌక చియోనన్ రెండు ముక్కలై 46 మంది చనిపోయిన ఘటనలో, ఉత్తర కొరియాకు చెందిన సీహెచ్‌టీ-02డీ అనే ఎలక్ట్రిక్ టార్పెడోయే కారణమని పలు దేశాల నిపుణుల బృందం తేల్చింది. ఉత్తర కొరియా ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం ప్రకారం చూస్తే, లోతులేని నీళ్లలో, దగ్గరి దూరంలో, ఒక మామూలు బ్యాటరీ టార్పెడో ఆధునిక యుద్ధనౌకను విరిచేయగలదు.

మూడు పక్షాల బలాబలాలు క్లుప్తంగా ఇవి:

- బ్యాటరీ పక్షం: లోతు, భద్రత, వేగం మార్చుకునే సౌలభ్యం విషయాల్లో గట్టిది. దూరం, అత్యధిక వేగం విషయాల్లో బలహీనం.
- ఇంధన పక్షం: వేగంగా పారిపోయే లక్ష్యం విషయంలో గట్టిది. లోతు, ఇంధనం నిర్వహణ విషయాల్లో బలహీనం.
- గురి పక్షం: వైఫల్యాల చరిత్రను సరిగ్గా చదివింది. కానీ శక్తి లేని చోట ఎంత మంచి గురైనా లక్ష్యాన్ని చేరలేదన్న సంగతిని తేలిగ్గా తీసుకుంటుంది.

వేగం లెక్క

నీటిలో వేగం పెంచాలంటే కావలసిన బలం వేగపు ఘనం చొప్పున పెరుగుతుంది. 30 నాట్స్ నుంచి 40కి పోవాలంటే బలం దాదాపు 2.4 రెట్లు కావాలి. అదే దూరానికి ఖర్చయ్యే శక్తి 1.8 రెట్లు అవుతుంది. కాబట్టి బ్యాటరీ టార్పెడోకు ప్రతి నాట్ వేగమూ దూరంలో కోత పెట్టే బేరమే. ఈ బేరం ఎప్పుడు గిట్టుతుందో ఒక లెక్క చెబుతుంది. 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న జలాంతర్గామి 30 నాట్స్‌తో నేరుగా పారిపోతోందనుకుందాం. 40 నాట్స్ టార్పెడో దాన్ని అందుకోవడానికి సుమారు 32 నిమిషాలు, 40 కిలోమీటర్ల పరుగు కావాలి. 50 నాట్స్ టార్పెడోకు 16 నిమిషాలు, 25 కిలోమీటర్లు చాలు. కానీ ఆ లక్ష్యం డీజిల్ ఎలక్ట్రిక్ జలాంతర్గామి అయి, బ్యాటరీ మీద 6 నాట్స్‌తో మెల్లగా జారుకుంటుంటే, 40 నాట్స్ టార్పెడో పదినిమిషాల లోపే, 12 కిలోమీటర్ల లోపే దాన్ని చేరుతుంది.

ఈ లెక్కను దీవుల చుట్టుపక్కల ఉన్న నౌకాదళాలకు వర్తింపజేస్తే చిత్రం స్పష్టమవుతుంది. బంగ్లాదేశ్ 2017లో రెండు పాత చైనా మింగ్ తరగతి జలాంతర్గాములను సేవలోకి తీసుకుంది. మయన్మార్ దగ్గర మనమిచ్చిన పాత సింధువీర్ ఒకటి, చైనా ఇచ్చిన మింగ్ ఒకటి ఉన్నాయి. 2014లో కొలంబో రేవులో ఆగిన చైనా జలాంతర్గామి కూడా సాంగ్ తరగతి డీజిల్ ఎలక్ట్రిక్‌దే. ఇవన్నీ బ్యాటరీ టార్పెడోకు అందే లక్ష్యాలు. వీటిలో కొన్ని మిత్రదేశాలవే అయినా, ఈ సముద్రంలో తిరిగే జలాంతర్గాముల తీరు తెలియడానికి ఈ జాబితా చాలు. లెక్కకు అందకుండా పోయేది ఒక్కటే, చైనా అణు జలాంతర్గామి. ఇంధన పక్షం వాదం బతికి ఉన్నది అక్కడే.

ఈ నీళ్ల స్వభావం

అండమాన్ సముద్రం ఒకే రకమైన నీరు కాదు. ఉత్తరాన ఐరావతి, సాల్విన్ నదుల ఒండ్రు పరుచుకున్న లోతులేని మేట. నడుమ 3,000 మీటర్లు దాటిన లోయ. లిటిల్ అండమాన్‌కూ కార్ నికోబార్‌కూ మధ్య 150 కిలోమీటర్ల వెడల్పున టెన్ డిగ్రీ ఛానెల్. గ్రేట్ నికోబార్‌కూ సుమత్రాకూ మధ్య సిక్స్ డిగ్రీ ఛానెల్, మలక్కాకు వాకిలి. మలక్కా జలసంధిలో చాలా చోట్ల లోతు తక్కువ కావడంతో, అందులోంచి వచ్చే జలాంతర్గామికి మునిగి దాక్కుని రావడం కష్టం. సిక్స్ డిగ్రీ ఛానెల్ దాటేటప్పుడే అది లోతు నీటిలోకి జారుకుంటుంది. అంటే వేటకు అనువైన చోటు ఇరుకైనది, ఓడల రద్దీ మోతతో నిండినది. అలాంటి చోట దూరం నుంచి లక్ష్యాన్ని పోల్చుకోవడమే కష్టం కాబట్టి, 40 కిలోమీటర్ల దూరం పోగల టార్పెడో ఉన్నా అంత దూరం నుంచి వదిలే అవకాశం అరుదు.

నీటి పొరలు కూడా లెక్కలోకి వస్తాయి. వెచ్చటి పైపొర కింద నీరు ఒక్కసారిగా చల్లబడే చోట శబ్దం కిందికి వంగిపోతుంది. ఆ పొర కింద చేరిన జలాంతర్గామి పైనున్న ఓడ సోనార్‌కు చిక్కదు. లోతు పెరిగినా బలం తగ్గని ఎలక్ట్రిక్ టార్పెడోకు ఇక్కడ మేలు ఉంది. మరో విశేషం ఈ సముద్రపు అంతర్గత తరంగాలు. నీటి పొరల మధ్య పదుల మీటర్ల ఎత్తున కదిలే ఈ అలల మీద ఒస్బోర్న్, బర్చ్ 1980లో ప్రచురించిన పరిశోధన సముద్రశాస్త్రంలో పేరుమోసినది. ఇవి శబ్దం దారిని మారుస్తాయి, నీటి అడుగున ఉన్న నౌకను పైకీ కిందికీ తోస్తాయి. గురి పక్షం చెప్పే మాటకు ఈ దీవుల దగ్గర అదనపు బలం ఇక్కడే దొరుకుతుంది. టార్పెడో తలలోని సోనార్ ఈ నీళ్లను నేర్చుకుని ఉండాలి. వేరే సముద్రంలో కుదిర్చిన లెక్కలు ఇక్కడ నేరుగా పనికిరావు.

ఒడ్డున తేలే ఫలితం

ఇప్పుడు బ్యాటరీ దగ్గరికి వద్దాం. మన ఎలక్ట్రిక్ టార్పెడోల్లో రెండు రకాల బ్యాటరీలు కనిపిస్తాయి. 2012లో నౌకాదళానికి అందిన తేలికపాటి శ్యేన, 220 కిలోల బరువు, 33 నాట్స్ వేగం కలది. ఇందులో మెగ్నీషియం, సిల్వర్ క్లోరైడ్ పలకలు పొడిగా ఉంటాయి. టార్పెడో నీళ్లలో పడగానే సముద్రపు నీరే లోపలికి వచ్చి ఎలక్ట్రోలైట్‌గా పనిచేస్తుంది, క్షణాల్లో కరెంటు పుడుతుంది. ఒడ్డున నిలవ ఉన్నంత కాలం లోపల రసాయన చర్య ఏదీ జరగదు. రెండో రకం 2016 జూన్‌లో నౌకాదళానికి అప్పగించిన వరుణాస్త్రలో ఉంది. ఒకటిన్నర టన్నుల బరువు, 40 నాట్స్ వేగం గల ఈ భారీ టార్పెడోను ఓడల మీంచి ప్రయోగిస్తారు. దీని సిల్వర్ ఆక్సైడ్ జింక్ బ్యాటరీ తక్కువ బరువుతో ఎక్కువ శక్తినిస్తుంది. కానీ క్షార ద్రవం నింపాక ఆ బ్యాటరీకి ఆయుష్షు తక్కువ. మళ్లీ మళ్లీ ఛార్జి చేయగలిగినా పదుల సార్లే. వెండి ఖరీదు సరేసరి.

ఈ తేడా అండమాన్‌కు ఎంత ముఖ్యమో వాతావరణమే చెబుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. గాలిలో తేమ 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలి సరేసరి. ద్రవం నింపిన బ్యాటరీలను ఇలాంటి చోట ఉంచాలంటే చల్లటి, పొడి గదులు, ఎడతెగని కరెంటు, నెలనెలా పరీక్షించే శిక్షణ పొందిన చేతులు కావాలి. ఇవి లేకపోతే టార్పెడో పట్టికలో రాసిన దూరం కాగితం మీదే మిగులుతుంది. అలాగని వాటిని విశాఖలోనే ఉంచి అవసరమైనప్పుడు తెస్తామంటే, దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. 8 నాట్స్‌తో వచ్చే జలాంతర్గామికి మూడున్నర రోజులు పడుతుంది. టార్పెడోలు అయిపోయిన జలాంతర్గామి మళ్లీ నింపుకుని రావడానికి వారం గడుస్తుంది. 2001లో ఏర్పడిన అండమాన్ నికోబార్ కమాండ్‌కు, 2012లో క్యాంప్‌బెల్ బే దగ్గర ఐఎన్ఎస్ బాజ్‌కు, 2019లో దిగ్లిపూర్ దగ్గర ఐఎన్ఎస్ కొహాసాకు రూపం ఇచ్చినప్పుడు విమానాల గురించి జరిగినంత చర్చ, ఆయుధ నిలవ గురించి బయట జరగలేదు.

సముద్రపు నీటితో మేలుకునే బ్యాటరీ నిలవ చిక్కును తప్పిస్తుంది. దానికీ ఒక షరతుంది. నీటిలో ఉప్పు తగ్గితే కరెంటు తగ్గుతుంది. బాల్టిక్ సముద్రం వంటి చప్పటి నీళ్లలో ఇది పెద్ద సమస్య. వానాకాలం తరువాత ఐరావతి నీరు కలిసిన ఉత్తర అండమాన్‌లో పైనీటి ఉప్పదనం తగ్గుతుంది గానీ బాల్టిక్ స్థాయికి ఏనాడూ దిగదు. పైగా వెచ్చటి నీరు ఈ బ్యాటరీకి మేలే చేస్తుంది. కాబట్టి దీవుల వాతావరణానికి పొడిగా నిలవ ఉండే రకాలే తగినవి. ఫ్రాన్స్ ఎఫ్21లో వాడే అల్యూమినియం, సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ ఈ కోవలోదే. ఆ టార్పెడో 50 నాట్స్, 50 కిలోమీటర్లు పోగలదని తయారీదారులు చెబుతున్నారు. పొడి నిలవను ఎంచుకుంటే వేగం వదులుకోవాలన్న పాత లెక్క మారుతోందన్నమాట.

అభ్యంతరాలు, జవాబులు

మొదటి అభ్యంతరం: నిలవ సమస్య ఇంధన టార్పెడోకూ ఉంది, బ్యాటరీని మాత్రమే తప్పుపట్టడం ఎందుకు? నిజమే, ఇంధనానికి ప్రత్యేక నిలవ కావాలి, ప్రతి అభ్యాస ప్రయోగం తరువాత ఇంజిన్ విప్పి కడగాలి. కానీ ఇంధనం పాడైతే మార్చి పోయవచ్చు. భారీ టార్పెడో బ్యాటరీ పాడైతే ఆయుధంలో ఖరీదైన భాగమే పోయినట్టు. నష్టం స్థాయి వేరు.

రెండో అభ్యంతరం: అణు జలాంతర్గామిని వదిలేసి చేసే ప్రణాళిక ప్రణాళికేనా? దీనికి జవాబు, దాన్ని పట్టే పని ఒక్క జలాంతర్గామి మీద పెట్టనక్కర్లేదు. మన పీ-8ఐ విమానాలు 2016 జనవరిలో పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చాయి. అవి మోసే మార్క్ 54 ఇంధన టార్పెడో. వేగంగా పారిపోయే లక్ష్యం నెత్తి మీదికి విమానం వెళ్లి టార్పెడో వదిలితే 40 కిలోమీటర్ల వెంటాట అవసరమే రాదు. నికోబార్ దీవి పేరు పెట్టుకుని 2014 ఆగస్టులో విశాఖలో సేవలోకి వచ్చిన ఐఎన్ఎస్ కమోర్టా వంటి జలాంతర్గామి వేట నౌకలు కూడా ఈ వలలో భాగమే. అయితే యుద్ధంలో విమానం వెళ్లలేని వేళ ఉంటుంది. అందుకే కొన్ని ఇంధన భారీ టార్పెడోల పరిశోధనను ఆపకూడదన్న వాదనకు ఈ వ్యాసం అడ్డు చెప్పదు. జలాంతర్గాముల్లో ఎక్కువ స్థానం దానికి ఇవ్వాలన్న వాదనకే అడ్డు చెబుతుంది.

మూడో అభ్యంతరం: దిగుమతి టార్పెడోలు కొంటే ఈ తలనొప్పులన్నీ ఉండవు కదా? 2016లో ఇటలీ బ్లాక్ షార్క్ కొనుగోలు రద్దయ్యాక కల్వరి తరగతి కొత్త జలాంతర్గాములు పాత తరం టార్పెడోలతో నెట్టుకురావలసి వచ్చిన అనుభవమే దీనికి జవాబు. ఒప్పందం ఒకచోట తెగితే బ్యాటరీ సరఫరా కూడా తెగుతుంది. విశాఖలో తయారైన శ్యేనను 2019లో మయన్మార్‌కు అందించగలిగాం. అండమాన్ సముద్రపు అవతలి ఒడ్డున ఇప్పుడు మన ఎలక్ట్రిక్ టార్పెడోయే ఉంది. ఆ స్థాయికి చేరిన పరిశ్రమను భారీ రకంలోనూ నిలబెట్టుకోవడమే తెలివి.

ఇంకా తేలనివి

కొన్ని విషయాలు ఏ పక్షమూ తేల్చలేదు. మొదటిది లిథియం. ఇది సిల్వర్ జింక్ బ్యాటరీకన్నా ఎక్కువసార్లు ఛార్జి అవుతుంది కాబట్టి అభ్యాస ప్రయోగాల ఖర్చు తగ్గుతుంది. కానీ లోపల వేడి అదుపు తప్పితే మంట ఆర్పడం కష్టం, అదీ మూసిన జలాంతర్గామిలో. రెండోది నేల. ఈ దీవులు భూకంపాల ఐదో జోన్‌లో ఉన్నాయి. 2004 సునామీలో కార్ నికోబార్ వైమానిక స్థావరం దెబ్బతింది, ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. పేలుడు పదార్థాల గోదాము ఎక్కడ కట్టాలన్నది ఇక్కడ ఇంజనీర్ల ప్రశ్న ఒక్కటే కాదు. షోంపెన్, నికోబారీ ప్రజల భూమి, గలాథియా తీరంలో గుడ్లు పెట్టే తోలుతాబేళ్లు కూడా ఆ లెక్కలో ఉంటాయి. మూడోది పరీక్షలు. 2023 జూన్‌లో వరుణాస్త్రను నిజమైన వార్‌హెడ్‌తో నీటి అడుగు లక్ష్యం మీద పేల్చి చూశారు. నార్వే, పసిఫిక్, ఫాక్లాండ్ అనుభవాలు చూస్తే ఇలాంటి పరీక్ష ఒకటి రెండుతో ఆగకూడదు. అందులోనూ కొన్నైనా అండమాన్ సముద్రపు పొరల్లో, వానాకాలంలో, దీవుల్లోనే ఏళ్ల పాటు నిలవ ఉన్న బ్యాటరీతో జరగాలి. కొత్తగా వచ్చిన టార్పెడో పేలితే తయారీ బాగున్నట్టు. నిలవ ఉన్న టార్పెడో పేలితేనే యుద్ధానికి సిద్ధంగా ఉన్నట్టు.

మొత్తం మీద ఎలక్ట్రిక్ టార్పెడోకు అండమాన్ జలాలు అనువైన చోటే. ఇరుకు దారులు, లోతైన పొరలు, ఎక్కువగా డీజిల్ ఎలక్ట్రిక్ లక్ష్యాలు, పక్కనే విమానాల తోడు. ఇవన్నీ దాని లోపాలను కప్పి బలాలను పైకి తెస్తాయి. కల్వరి తరగతికి రాబోయే టార్పెడో విషయంలో అడగవలసింది వేగం ఎంత అన్నది మాత్రమే కాదు. దాని బ్యాటరీ ఎంతకాలం నిలవ ఉంటుంది, ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్లకోసారి ఎవరు చూస్తారు, ఏడాదికి ఎన్ని నిజంగా పేల్చి చూస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు బడ్జెట్ పద్దుల్లో జవాబు ఉండాలి. పెనాంగ్ గోదాముల్లో జర్మన్ నావికులకు ఆ జవాబు లేకపోయింది. వారి దగ్గరున్నది ఆనాటికి ప్రపంచంలోనే మేటి ఎలక్ట్రిక్ టార్పెడో అయినా ఆ లోటును అది పూడ్చలేదు.